జీతం నిలవడం లేదు, అనవసరపు కొనుగోళ్లు ఎలా ఆపాలి?

జీతం పడిన పది రోజులకే ఖాతా ఖాళీ అవుతోందని, కొన్నవాటిలో సగం ఎందుకు కొన్నారో మీకే తెలియడం లేదని రాశారు. రెండేళ్ల కిందట నా పరిస్థితీ ఇదే. నాది నెల్లూరు, మూలాపేట. ల్యాబ్ టెక్నీషియన్‌ని. రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి, నిద్ర పట్టేలోపు ఫోనులో ఏదో ఒకటి కొనేదాన్ని. చెవిదుద్దులు, చెప్పులు, వంటింటి డబ్బాలు. ఏదీ ఐదువందలు దాటేది కాదు కాబట్టి ఖర్చు పెడుతున్నట్టే అనిపించేది కాదు.

నా కళ్లు తెరిపించింది చీటీ. అమ్మ పేరు మీద వేసిన చీటీకి నెలకు ఐదువేలు నేను కట్టాలి. ఒక నెల కట్టలేకపోయాను. చీటీలామె గుమ్మంలోకి వస్తే, అమ్మ జాకెట్లు కుట్టి దాచుకున్న డబ్బు తీసి ఇచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి మూడు నెలల యూపీఐ లెక్క కాగితం మీద వేశాను. 22,640 రూపాయలు. అందులో ఇంట్లో వాడుతున్న వస్తువులు నాలుగు.

ఇక ఏమీ కొననని ఒట్టు పెట్టుకుంటే పన్నెండు రోజులు నిలిచింది. డబ్బు కదలడానికి రెండు క్షణాలు చాలినప్పుడు మనసుకు ఆలోచించే వ్యవధి ఎక్కడిది? అందుకే ఆ దారికే అడ్డం వేశాను. జీతం ఖాతాను యూపీఐ నుంచి తీసేసి, వేరే బ్యాంకులో చిన్న ఖాతా తెరిచాను. దానిలోకి సోమవారం సోమవారం 1,500 వెళ్తాయి. కూరగాయలు, ఆటో అన్నీ అందులోనే. క్రెడిట్ కార్డుకు ఆన్‌లైన్ వాడకం ఆపేశాను. ఈ సదుపాయం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2020లోనే బ్యాంకులను ఆదేశించింది, మీ బ్యాంకు యాప్‌లో చూడండి. కార్డు బాకీ ఉంటే ముందు అది తీర్చండి. కనీస మొత్తం కట్టి ఊరుకుంటే పాత బాకీకే కాదు, కొత్తగా కొన్నవాటికీ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

ఏదైనా కావాలనిపిస్తే వంటింటి క్యాలెండరులో ఆ తేదీ గడిలో పేరు, ధర రాస్తాను. రెండు వారాల తరువాతా కావాలనిపిస్తే చిన్నబజారుకు వెళ్లి, చేత్తో పట్టుకుని చూసి, నోట్లు ఇచ్చి కొంటాను. పోయిన నెల తొమ్మిది రాశాను. కొన్నది ఒక్క స్టీలు టిఫిన్ డబ్బా.

సరదాలన్నీ చంపుకోమని మాత్రం చెప్పను. రొట్టెల పండుగకు కావలి నుంచి పిన్ని పిల్లలు వస్తే, ఫోను ఇంట్లో పెట్టి ఎనిమిదివందలతో బారాషహీద్ దర్గాకు వెళ్లాం. రొట్టెలు మార్చుకున్నాక అందరికీ గాజులు కొన్నాను. ఆ ఖర్చుకు ఈనాటికీ బాధ లేదు.

రాత్రి డ్యూటీ పడిన వారాల్లో ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. అప్పుడు ఫోను అమ్మ మంచం పక్కన చార్జింగుకు పెట్టి, నేను లోపలి గదిలో పడుకుంటాను. మీకు ఏ వేళలో చెయ్యి ఆగడం లేదో ఒక వారం గమనించి ఇక్కడే రాయండి. నాకు తెలిసినంత చెబుతాను.