నాలుగేళ్ల బిడ్డకు మర్మావయవాల పేర్లు ఏమని నేర్పాలి?

నాలుగేళ్ల పాపకు మర్మావయవాల అసలు పేర్లు నేర్పాలా, ముద్దుపేర్లతో సరిపెట్టవచ్చా, నేర్పితే పదిమందిలో అనేసి తలవంపులు తెస్తుందేమో అని మీరు అడిగారు. మీ అత్తగారు ఒప్పుకోవడం లేదని కూడా రాశారు. తిరుపతిలో ఒక పాపను, ఒక బాబును పెంచుతున్న తల్లిగా నా అభిప్రాయం చెబుతాను. ముద్దుపేరు వాడటంలో తప్పేమీ లేదు. కానీ బడిలో చేర్చే నాటికి, గడప దాటాక ఎవరికి చెప్పినా అర్థమయ్యే పేరు ఒకటి బిడ్డకు తెలిసి ఉండాలి.

మా ప్రాంతంలో ఈ అవసరం ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే చిత్తూరు సరిహద్దు ఊళ్లలో తెలుగు, తమిళం ఒకే ఇంట్లో కలిసి నడుస్తాయి. మా పుట్టింట్లో మగపిల్లవాడికి ‘బుల్లి’ అనేవారు. నగరి వైపు నుంచి వచ్చిన మా తోడికోడలు అదే అవయవాన్ని ‘కుంజు’ అంటుంది. ఆడపిల్లల విషయానికి వస్తే, నేను చూసిన చాలా ఇళ్లలో అసలు పేరే లేదు. చిన్నపిల్లలకు ‘షేమ్ షేమ్’, ‘పప్పీ షేమ్’ అంటారు, కాస్త పెద్దవాళ్లయితే ‘ఆ చోటు’ అని గొంతు తగ్గిస్తారు. వెనకటి రోజుల్లో ఆడపిల్లల మొలతాడుకు మర్మావయవాన్ని కప్పేలా వెండి సిగ్గుబిళ్ల కట్టేవారు. ఇప్పుడు ఆ నగ పెద్దగా కనిపించదు గానీ, అవయవానికి పేరు పెట్టవలసిన చోట సిగ్గును పెట్టే అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది.

తల్లిదండ్రులు వెనకాడటానికి బలమైన కారణమే ఉంది. తెలుగులో ఈ అవయవాలకు ఉన్న వాడుక మాటలన్నీ బూతులైపోయాయి. వీధి కుళాయి దగ్గర తగవులోనో, బ్రాందీ అంగడి ముందరో తప్ప ఆ మాటలు వినపడవు. మిగిలినవి సంస్కృతం నుంచి వచ్చిన పాఠ్యపుస్తకపు మాటలు, అవి హైస్కూలు తరగతుల దాకా ఎదురుపడవు. అందువల్ల బిడ్డ తన శరీర భాగం పేరును మొదటిసారి తిట్టుగా వింటుంది. అది అనకూడని మాట అని దెబ్బ తిని మరీ నేర్చుకుంటుంది. ఇంత జరిగాక, అక్కడ నొప్పి పుడితే ఏ మాటతో చెప్పుకుంటుంది?

మేము పాపకు ‘యోని’, బాబుకు ‘పురుషాంగం’, ‘వృషణాలు’, ఇద్దరికీ ‘రొమ్ములు’, ‘పిరుదులు’, ‘మలద్వారం’ అన్న మాటలను ఎంచుకున్నాము. నిజానికి ఆడపిల్లలకు బయటికి కనిపించే భాగం వేరు, లోపలి మార్గం వేరు. కానీ ఆ వయసుకు రెండింటికీ ‘యోని’ అన్న మాట సరిపోతుంది, పెద్దయ్యాక తేడా చెప్పవచ్చు. ఇంత పెద్ద మాటలు పిల్లలకు నోరు తిరుగుతాయా అని సందేహించనక్కరలేదు. బొమ్మల పుస్తకం చూసి ‘హిప్పొపొటమస్’ అనగలిగిన బిడ్డకు నాలుగక్షరాల మాట లెక్క కాదు. నీళ్లు పోసేటప్పుడు మోచెయ్యి, మోకాలు, పొట్ట అని చెబుతూ, అదే గొంతుతో, నవ్వకుండా, ఆగకుండా ఈ పేర్లు కూడా చెప్పుకుంటూ పోయాము. ప్రత్యేకంగా కూర్చోబెట్టి పాఠం చెబితే, ఇందులో ఏదో దాచవలసిన సంగతి ఉందని పిల్లలు ఇట్టే పసిగడతారు.

మా అత్తగారు పలమనేరు మనిషి. స్నానాల గదిలో నా మాటలు విని, “ఏందిమే, బిడ్డకు ఇట్లాంటి మాటలు నేర్పిస్తా ఉండావు? రేపు నలుగురిలో అనేస్తే ఎట్ల?” అన్నారు. నేను వాదించలేదు. “అత్తా, పాపకు అక్కడ మంట పుడితే డాక్టరుకు ఏమని చెప్పాల?” అని మాత్రం అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, “ఉచ్చపోసే చోటు అని చెప్పమను” అన్నారు. అది మంచి మాటే. ఎవరికైనా అర్థమవుతుంది, అందులో సిగ్గూ లేదు, బూతూ లేదు. ఇప్పటికీ ఆమె ఆ మాటే వాడతారు, పిల్లలకు రెండూ తెలుసు. మీ అత్తగారితో కూడా ‘యోని’ అనే మాట కోసం పట్టుబట్టకుండా, ‘షేమ్ షేమ్’ ఒక్కటి మాన్పించగలిగితే సగం పని అయినట్లే.

డాక్టరు మాట ఊరికే తేలేదు. మగపిల్లల్లో వృషణం మెలితిరగడం అనే సమస్య ఉంది. అది పసివాళ్లలో అరుదు, పదేళ్లు దాటిన వాళ్లలో ఎక్కువ. రక్తప్రసరణ ఆగిపోతుంది కాబట్టి సుమారు 6 గంటల లోపల శస్త్రచికిత్స జరిగితేనే వృషణం దక్కే అవకాశం బాగా ఉంటుంది. ఆ నొప్పి పొత్తికడుపులోకి కూడా పాకుతుంది కాబట్టి, సిగ్గుపడే పిల్లవాడు కడుపునొప్పి అని మాత్రమే చెప్పి ఊరుకుంటాడు. ఇంట్లో వాళ్లు వాము నీళ్లు తాగించి పడుకోబెడతారు, విలువైన గంటలు గడిచిపోతాయి.

ఇక ఎవరైనా చెయ్యకూడని పని చేసినప్పటి సంగతి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టడానికి 2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, బిడ్డ ఇచ్చే ఫిర్యాదును ఆ బిడ్డకు అర్థమయ్యే సరళమైన భాషలో రాసుకోవాలి, వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. ముద్దుపేరుతో చెప్పినా ఫిర్యాదు ఫిర్యాదే. అయితే పోలీసుల దాకా వెళ్లే ముందు ఆ మాట ఒక టీచరుకో, పక్కింటి ఆంటీకో, పిల్లల సహాయవాణి 1098 నంబరులో ఫోను ఎత్తిన మనిషికో అర్థం కావాలి కదా. కొన్ని బడులలో ‘గుడ్ టచ్, బ్యాడ్ టచ్’ చెబుతూ బొమ్మ మీద ఆ భాగాలను వేలితో చూపి, పేరు పలకకుండానే పేజీ తిప్పేస్తారు. ఆ మిగిలిన పని మనమే ఇంట్లో పూర్తి చెయ్యాలి.

మీ భయం నిజమయ్యే రోజు కూడా వస్తుంది. మా బాబు ఒక గృహప్రవేశంలో భోజనాల పంక్తిలో కూర్చొని, “పెద్దమామకు కూడా పురుషాంగం ఉందా?” అని గట్టిగా అడిగాడు. నేను “ఉంటుంది నాన్నా, మగవాళ్లందరికీ ఉంటుంది. ఈ మాటలు ఇంట్లో మాట్లాడుకుందాం, పప్పు కలుపుకో” అన్నాను. వాడు కలుపుకున్నాడు. పెద్దమామ నవ్వు ఆపుకోలేక విస్తరి ముందు నుంచి లేచిపోయారు, అంతకు మించి ఏమీ జరగలేదు.

పాపను బడిలో చేర్చేటప్పుడు, మీరు ఇంట్లో ఏ పేర్లు వాడుతున్నారో క్లాసు టీచరుకూ, పిల్లలను బాత్రూముకు తీసుకెళ్లే ఆయమ్మకూ ముందే చెప్పి ఉంచండి.