మాల్బెక్ కొనేముందు ఊరి పేరు చూడు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

శనివారం మీ ఆఫీసువాళ్లని భోజనానికి పిలిచావనీ, ఏ రెడ్ వైన్ కొనాలో తెలియక టెన్షన్‌గా ఉందనీ రాశావు. ఇరవై ఏళ్లు హోటళ్లలో వైన్ వడ్డించినవాణ్ణి, నా మాట విని మాల్బెక్ కొను, అది ఆ పేరున్న నల్లద్రాక్షతో చేసే రెడ్ వైన్. అయితే ఆ పేరు ఒక్కటే చూసి సీసా తీసుకోకు, ఏ ఊరిదో కూడా చూడు. ద్రాక్ష ఒకటే అయినా అది పండే నేలను బట్టి రుచి మారిపోతుంది.

దాని పుట్టిల్లు ఫ్రాన్స్ నైరుతిలో లాట్ నది ఒడ్డున ఉన్న కహోర్. ముదురు రంగు వల్ల అక్కడి వైన్‌ని పూర్వం 'నల్ల వైన్' అనేవాళ్లు. 1853లో అర్జెంటీనాలోని మెండోసాలో వ్యవసాయ పాఠశాల పెట్టినప్పుడు, మిషెల్ పూజే అనే ఫ్రెంచి నిపుణుడు తెచ్చిన తీగల్లో మాల్బెక్ కూడా ఉంది. ఇక కహోర్‌లో 1956 ఫిబ్రవరి చలికి తోటలు చాలావరకు చచ్చిపోతే మళ్లీ నాటుకున్నారు.

మెండోసాలో వానలు బాగా తక్కువ. ఆండీస్ కొండల మంచు కరిగి వచ్చే నీళ్లే కాలవల్లో పారిస్తారు. అక్కడి ఉకో లోయలో తోటలు 900 మీటర్లకు పైనే ఉంటాయి. అంత ఎత్తులో ఎండ చురుక్కుమంటుంది కాబట్టి పండు తొక్క మందంగా, నల్లగా తయారవుతుంది. రాత్రి చలికి పులుపు తగ్గిపోకుండా నిలబడుతుంది. అందుకే ఆ వైన్‌లో ఆల్బుకారా, బ్లాక్‌బెర్రీ రుచి నిండుగా ఉండి, చివర్లో కాస్త చాక్లెట్ వాసన తగులుతుంది. వగరున్నా మెత్తగా ఉంటుంది. కహోర్‌ది అలా కాదు. నేరేడుపండు తిన్నాక నాలుక పట్టేసినట్టుంటుంది, మట్టి వాసన కూడా వస్తుంది. నాకు కహోరే ఎక్కువ ఇష్టం. కానీ కొత్తగా తాగేవాళ్లకి మెండోసాదే పొయ్యి. ఒకవేళ కహోర్ కొంటే, కొన్ని సీసాల మీద మాల్బెక్ అన్న మాటే ఉండదు. ఆ ఊరి పేరు పెట్టాలంటే అందులో కనీసం 70 శాతం మాల్బెక్ ఉండాలి కాబట్టి అనుమానపడకు.

ఇక తిండి. అర్జెంటీనావాళ్లు దీన్ని నిప్పుల మీద కాల్చిన మాంసంతో తాగుతారు. కొవ్వు, ఉప్పు కలిస్తే వైన్ వగరు తగ్గుతుంది. మీరు మటన్ చాప్స్ కాలుస్తామన్నారుగా, అది సరిగ్గా సరిపోతుంది. కారం తగ్గించి మిరియాలు, వెల్లుల్లి వేయమని అమ్మాయికి చెప్పు. ఆల్కహాల్ ఎక్కువున్న వైన్ తాగితే మిరపకారం మంట ఇంకా పెరుగుతుంది. ఒకసారి మా ఇంట్లో కారంగా వండిన గోంగూర మాంసంతో మంచి మాల్బెక్ పోశాను. కారానికి నోరు మండింది, గోంగూర పులుపు ముందు వైన్ చప్పగా అయిపోయింది. వచ్చినవాళ్లకి రెండూ రుచించలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. గోంగూర ఇంకోరోజు వండుకోండి. మాంసం తిననివాళ్లకి కాల్చిన వంకాయ, పుట్టగొడుగులు పెట్టు.

డాలస్ వేడిలో వైన్‌ని బల్ల మీద వదిలేయకు. పోయడానికి అరగంట ముందు ఫ్రిజ్‌లో పెట్టు. 16 నుంచి 18 డిగ్రీల దగ్గర దాని రుచి బాగా తెలుస్తుంది. గ్లాసులో మూడో వంతే పొయ్యి, వాసన ఆడటానికి ఖాళీ ఉండాలి. కహోర్ అయితే గంట ముందే వెడల్పాటి జగ్గులోకి వంచు, గాలి తగిలి వగరు మెత్తబడుతుంది. మిగిలితే బిరడా పెట్టి ఫ్రిజ్‌లో దాచి మూడు రోజుల్లో ముగించండి.

కారు నడిపేవాళ్ల కోసం మజ్జిగ కలిపి ఉంచు, వాళ్లకి వైన్ అస్సలు పోయకు. ఎవరికి ఏది నచ్చిందో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

మీ మావయ్య