నల్లనివాడికి నీలం రంగు ఎందుకు పూశాను?

నాట్యం నేర్పేవాళ్లు తమలోని జాతి, వర్ణ వివక్షను ఎప్పుడైనా గమనించారా, గమనించాక ఏం చేశారు అని నన్ను అడిగారు. నా అంతట నేను గమనించలేదు. ఒక శిష్యురాలు పట్టుకుంది.

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, మా మేడ మీద 14 ఏళ్లుగా కూచిపూడి నేర్పుతున్నాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదవడానికి ఇథియోపియా నుంచి వచ్చిన అమ్మాయి ఒకామె నా దగ్గర చేరింది. మొదటి రోజే "తాళం మీవాళ్ల రక్తంలోనే ఉంటుంది, నీకు తేలిక" అన్నాను. మెచ్చుకున్నానని నా భ్రమ. పాపం, తిశ్రగతి (మూడేసి లెక్కన సాగే తాళం నడక) కుదరక ఆమె నాలుగు నెలలు తంటాలు పడింది. తీరా కుదిరాక ఆ కష్టాన్ని కూడా రక్తం ఖాతాలోనే జమ వేశాను.

ఒకరోజు పోతన పద్యం "నల్లనివాడు పద్మనయనమ్ములవాడు"కు అభినయం చెబుతున్నాను. నల్లనివాడంటే నిజంగా నలుపేనా అని ఆమె రెండుసార్లు అడిగింది. అవునన్నాను. గోడ మీది ఫొటో చూపించింది. అందులో కృష్ణుడు క్లాసులో అందరికన్నా తెల్లని పిల్ల, ఒళ్లంతా నీలం రంగు. పక్కన పూతన వేషంలో నల్లని పిల్ల, ఇద్దరిలో బాగా ఆడేది ఆ పిల్లే. "ఈ పాపే కృష్ణుడైతే రంగు ఖర్చు మిగిలేది కదా?" అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రి పాత ఆల్బమ్‌లన్నీ తీశాను. పూతన, శూర్పణఖ, మహిషాసురుడు... ఏ వేషం ఎవరికి వెళ్లిందో వరసగా కనిపించింది. ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఒంటి రంగును బట్టి వచ్చిందని పాఠంలో చెప్పేదాన్ని, వేషం మాత్రం తెల్లపిల్లకే. నల్లగా ఉందని ఎవరినీ వద్దనలేదు. "ముఖానికి నప్పుతుంది" అనేదాన్ని, అంతే.

ఆమెకు క్షమాపణ చెప్పాను. ఇప్పుడు వేషాలు నేనొక్కదాన్నే నిర్ణయించను, మరో ఇద్దరు టీచర్లు కూడా చూస్తారు. అందరి ముఖాలకూ ఒకే రంగు పాన్‌కేక్ మేకప్ పూయడం మానేశాం, మణికట్టు పక్కన పెట్టి చూసి ఛాయ ఎంచుతాం. "కృష్ణుడికి కాస్త కళ ఉండాలి కదండీ" అని ఒక తల్లి అలిగి తన పిల్లను మానిపించేసింది. పోనీ అనుకున్నాను.

అంతకన్నా కష్టమైనది వేరే ఉంది. ఆ పూతన పిల్లకు కిందటేడు కృష్ణుడి వేషం ఇచ్చాను. ప్రదర్శన ముందురోజు వాళ్లమ్మ వచ్చి, ఎవరూ వినకుండా నా పక్కకు జరిగి అడిగింది: "మేడమ్, తెల్లగా కనిపించేలా కాస్త ఎక్కువ పూస్తారా?"