జ్వరం తగ్గినా నోటి వాసన పోలేదా?

ప్రశ్న: మా బాబుకు 4 ఏళ్లు. జలుబు, జ్వరం వచ్చి తగ్గి వారమైంది. ముక్కు ఇంకా దిబ్బడగానే ఉంది. పొద్దున లేవగానే నోరు బాగా వాసన వస్తోంది. మౌత్‌వాష్ వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మౌత్‌వాష్ వద్దమ్మా. 6 ఏళ్లలోపు పిల్లలు దాన్ని మింగేస్తారు. ముక్కు మూసుకుపోతే బిడ్డ రాత్రంతా నోటితోనే గాలి పీలుస్తాడు. లాలాజలం ఆరిపోయి నాలుక మీద పాచి పేరుకుంటుంది, బ్యాక్టీరియా పెరుగుతుంది. గొంతులోకి జారే చీమిడి కూడా వాసనకు కారణమే.

కాబట్టి ముందు ముక్కు సంగతి చూడండి. పడుకునే ముందు ఒక్కో రంధ్రంలో 2, 3 చుక్కల సెలైన్ (ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కల మందు) వేయండి. బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు మీరే పళ్లు తోమండి. మెత్తటి బ్రష్‌తో నాలుకను వెనక నుంచి ముందుకు మెల్లగా 3, 4 సార్లు తుడవండి. మరీ లోపలికి పెడితే వాంతి చేసుకుంటాడు. తియ్యటి సిరప్ తాగించిన ప్రతిసారీ నీళ్లు తాగించండి, చాలామంది మరిచిపోయేది ఇదే. పగలు కొంచెం కొంచెంగా నీళ్లు ఇస్తూ ఉండండి.

జలుబు 10 రోజులు దాటినా తగ్గకపోయినా, జ్వరం తిరగబెట్టినా, చిగుళ్లు వాచినా డాక్టరుకు చూపించండి. ఒక ముక్కు రంధ్రం నుంచే కంపు కొట్టే చీమిడి వస్తుంటే లోపల పూసో, గింజో ఇరుక్కుందేమో! మీరు తీయబోకండి, ఇంకా లోపలికి పోతుంది. నోటి నుంచి మగ్గిన పండు వాసనతో పాటు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే ఆ రోజే రక్తంలో చక్కెర పరీక్ష చేయించండి.