ఢిల్లీలో మూడు రోజులు: టాక్సీ ఎక్కడ, మెట్రో ఎక్కడ, కార్డు ఏది

కర్నూలు

చి. సౌ. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఢిల్లీలో మూడు రోజులు తిరగడానికి టాక్సీ మేలా, మెట్రో మేలా, మెట్రోకు ఏ కార్డు కొనాలి అని విమానం టికెట్లు కొనకముందే అడిగావు, మంచి పని చేశావు. విమానం ఎన్ని గంటలకు దిగుతుందో, ఏ టెర్మినల్‌లో దిగుతుందో, ఆ రెండింటిని బట్టే ఊళ్లోకి ఎలా వెళ్లాలన్నది తేలుతుంది. చాలామంది చవక టికెట్ దొరికిందని అర్ధరాత్రి దిగే విమానం కొంటారు. మిగిలిన డబ్బు కాస్తా టాక్సీకి పోతుంది.

ముందు మన ఊరి సంగతి. మన కర్నూలు ఎయిర్‌పోర్ట్ ఓర్వకల్లు నుంచి ఢిల్లీకి నేరుగా విమానం లేదు కాబట్టి శంషాబాద్ వెళ్లాల్సిందే. శంషాబాద్ హైదరాబాద్‌కు మన వైపునే ఉంది. 44వ నంబరు హైవే మీద జడ్చర్ల, షాద్‌నగర్ దాటాక ముందు శంషాబాద్, ఆ తర్వాతే సిటీ. ఇది గమనించక సిటీలోని పెద్ద బస్టాండ్ ఎంజీబీఎస్ దాకా బస్సులో పోయి, సామాను దించుకుని, మళ్లీ ఇరవై కిలోమీటర్లకు పైగా వెనక్కి వచ్చేవాళ్లు ఎందరో. బస్సులో వెళ్లేటట్టయితే శంషాబాద్‌లో ఆపుతారో లేదో ఎక్కేటప్పుడే అడగండి. ఆపరంటే శంషాబాద్ దాటాక వచ్చే ఆరాంఘర్‌లో దిగి క్యాబ్ పట్టుకోండి.

మీరు నలుగురు. పైగా మీ అత్తగారు ఉన్నారు, బాబు ఉన్నాడు. అందుకే బాడుగ కారే నయం. కిలోమీటరు రేటు మాత్రం అడిగి సరే అనకు. మిమ్మల్ని దింపి కారు ఖాళీగా తిరిగొచ్చే దూరం కూడా మీ లెక్కలోకే వస్తుంది. పుల్లూరు, శాఖాపురం, రాయికల్ టోల్‌గేట్లు, డ్రైవర్ బత్తా, ఎయిర్‌పోర్ట్ పార్కింగ్, అన్నీ కలిపి మొత్తం ఎంతో గుత్తగా మాట్లాడి, ఆ మాట వాట్సాప్‌లో పెట్టించుకో. టైము వెనక నుంచి లెక్క వేసుకో. మధ్యాహ్నం 12కి విమానమైతే సామాను ఇచ్చే కౌంటర్ 11కే మూసేస్తారు. 10కి మీరు లోపల ఉండాలి. కారులో మూడున్నర గంటలు, టిఫిన్‌కు అరగంట. అంటే ఉదయం 6కి ఇంటి దగ్గర కదలాలి.

ఢిల్లీ టికెట్ తీసుకునేటప్పుడు దిగే టెర్మినల్ చూడు. ఒకే కంపెనీ విమానాలు కూడా వేర్వేరు టెర్మినళ్లకు వెళ్తుంటాయి. టీ2, టీ3 పక్కపక్కనే ఉంటాయి, నడిచి పోవచ్చు. టీ1 మాత్రం వీటికి దూరం. మెట్రో కూడా వేరే. టీ3 దగ్గర ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైన్ ఎక్కితే ఇరవై నిమిషాల్లో న్యూఢిల్లీ స్టేషన్ చేరతారు. మనిషికి 70 రూపాయల లోపే. టీ1 దగ్గర ఉన్నది మెజెంటా లైన్. దాంట్లో హౌజ్ ఖాస్ దాకా వెళ్లి ఎల్లో లైన్‌కు మారాలి. అదే ఊరు, అదే మెట్రో అయినా సామానుతో మారడమంటే మీ అత్తగారికి కష్టం.

ఇక టాక్సీనా మెట్రోనా అన్నావు. ఇద్దరైతే, వీపు మీద ఒక్కో సంచితో అయితే, మెట్రోకు సాటి లేదు. నలుగురికి మెట్రో టికెట్లు, దిగాక హోటల్ దాకా ఆటో, రెండూ కలిపితే టాక్సీతో పెద్ద తేడా మిగలదు. కాబట్టి దిగిన రోజు టాక్సీ, తిరిగొచ్చే రోజు మెట్రో. వెళ్లిన రోజు ట్రాఫిక్‌లో గంట ఆలస్యమైతే అలసటే తప్ప నష్టం లేదు. వచ్చే రోజు అదే గంట ఆలస్యమైతే విమానం పోతుంది. ఎయిర్‌పోర్ట్ లైన్‌కు ట్రాఫిక్ బెడద ఉండదు. హోటల్ నుంచి న్యూఢిల్లీ మెట్రో గేటు దాకా ఆటో, అక్కణ్నుంచి రైలు.

టాక్సీ అంటే బయటికి రాగానే "మేడమ్, టాక్సీ" అంటూ వెంటపడేవాళ్ల బండి కాదు. ప్రీపెయిడ్ కౌంటర్లో హోటల్ ఉన్న పేట చెప్పి డబ్బు కట్టి రసీదు తీసుకోండి. డ్రైవర్ ఇవ్వాల్సిన చీటీ మీ చేతిలోనే పెట్టుకుని, హోటల్ గుమ్మం ముందు దిగి సామాను దించుకున్నాకే ఇవ్వండి. ఆ చీటీ చేతికొస్తేనే అతనికి డబ్బు వస్తుంది. ముందే ఇచ్చేస్తే సగం దారిలో "ఇక్కడిదాకే" అన్నా అడిగే హక్కు మీకు పోతుంది. ఫోన్ యాప్ క్యాబ్ అయితే టీ3లో పార్కింగ్ వైపున్న పికప్ చోటికి నడవాలి. సామాను బెల్టు మీది నుంచి చేతికొచ్చాకే బుక్ చెయ్యి, లేకపోతే వెయిటింగ్ ఛార్జీ పడుతుంది.

ఇంకో మాట గట్టిగా గుర్తుంచుకో. "మీ హోటల్ మూసేశారు, ఆ రోడ్డు బంద్" అని ఏ డ్రైవర్ అన్నా నమ్మొద్దు. కమీషన్ ఇచ్చే హోటల్‌కో, ట్రావెల్ ఆఫీసుకో తీసుకుపోవడానికి ఆడే నాటకం అది. హోటల్ నంబర్ ముందే ఫోన్లో దాచుకుని, అతని ఎదురుగానే ఫోన్ చెయ్యి.

హోటల్ పహార్‌గంజ్‌లో చూస్తున్నావని విన్నాను. ఎయిర్‌పోర్ట్ మెట్రో దిగేది రైల్వే స్టేషన్‌కు అజ్మేరీ గేట్ వైపు, పహార్‌గంజ్ అవతలి వైపు. మ్యాప్‌లో పక్కనే కనిపిస్తుంది కానీ మధ్యలో పట్టాలన్నీ దాటే పెద్ద వంతెన ఉంది. కరోల్ బాగ్‌లో మెట్రో స్టేషన్‌కు దగ్గరగా గది దొరికితే నేనైతే అదే తీసుకోమంటాను. బ్లూ లైన్ మీద, ఎల్లో లైన్‌కు మారే రాజీవ్ చౌక్‌కు నేరుగా రావచ్చు.

డిసెంబరు చివర్లోనో జనవరిలోనో వెళ్లేటట్టయితే తెల్లవారుజామున దిగే విమానాలు వద్దు. పొగమంచుకు గంటల తరబడి ఆగిపోతాయి. మధ్యాహ్నం దిగేది చూడు. రాత్రి పదకొండు దాటి దిగితే మెట్రో మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు నువ్వు ముఖ్యంగా అడిగిన కార్డు సంగతి. మెట్రోలో టూరిస్ట్ కార్డని ఉంది. ఒక రోజుది 200, మూడు రోజులది 500. రెండింట్లోనూ 50 రూపాయలు డిపాజిట్, కార్డు తిరిగిస్తే ఇచ్చేస్తారు. ఎన్నిసార్లయినా తిరగొచ్చన్న మాట విని అందరూ అదే కొంటారు. లెక్క వేసి చూద్దాం. డిపాజిట్ తీసేస్తే మూడు రోజులకు 450, రోజుకు 150. 2025 ఆగస్టులో పెరిగాక మెట్రో ఛార్జీలు ఇలా ఉన్నాయి: 2 కిలోమీటర్ల దాకా 11 రూపాయలు, 5 దాకా 21, 12 దాకా 32, 21 దాకా 43, 32 దాకా 54, ఆపైన 64. కరోల్ బాగ్ నుంచి ఎర్రకోట, అక్కణ్నుంచి సెంట్రల్ సెక్రటేరియట్ దిగి ఇండియా గేట్, మళ్లీ గదికి. ఈ మూడు ప్రయాణాలకూ 32 చొప్పున వేసుకున్నా 96. కుతుబ్ మినార్, కల్కాజీ మందిర్ స్టేషన్ దగ్గరి లోటస్ టెంపుల్ కలిపి దూరం తిరిగే రోజున నాలుగుసార్లు ఎక్కినా 150 దగ్గర ఆగుతుంది. ఇక ముందే డబ్బు వేసుకుని వాడే మామూలు స్మార్ట్ కార్డుతో ప్రతి ప్రయాణానికీ 10 శాతం తగ్గుతుంది. ఉదయం 8 లోపు, మధ్యాహ్నం 12 నుంచి 5 దాకా, రాత్రి 9 తర్వాత ఎక్కితే ఇంకో 10 శాతం. ఆదివారం ఛార్జీలే తక్కువ. ఇన్ని తగ్గింపులుండగా, రోజుకు అయిదారుసార్లు రైలెక్కేవాళ్లకు తప్ప టూరిస్ట్ కార్డు గిట్టదు. ముసలివాళ్లతో, పిల్లలతో మూడుసార్లు ఎక్కడమే గొప్ప. కౌంటర్లో ధర వేరేగా చెబితే ఇదే పద్ధతిలో మూడుతో భాగించి చూసుకో. ఇంకో లోపం, టూరిస్ట్ కార్డు ఎయిర్‌పోర్ట్ లైన్‌లో చెల్లదు. విమానం దిగి ఆ కార్డుతో ఆ లైన్ ఎక్కబోయినవాళ్లు గేటు దగ్గర ఆగిపోయేది అందుకే.

మనిషికో స్మార్ట్ కార్డు తీసుకోండి. ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. లోపలికి నొక్కిన కార్డునే బయటికీ నొక్కాలి. బాబు ఎత్తు 90 సెంటీమీటర్లు దాటితే వాడికీ టికెట్ కావాలి. అయిదేళ్లవాడు కచ్చితంగా దాటి ఉంటాడు. ఫోన్‌లో క్యూఆర్ టికెట్ తీసుకోవచ్చు కానీ, మధ్యలో ఛార్జింగ్ అయిపోతే గేటు తెరుచుకోదు. ఆ ఒక్క కారణానికే కార్డు మేలంటాను.

మొదటి పెట్టె ఆడవాళ్లకే. నువ్వూ మీ అత్తగారూ అందులో ఎక్కితే అల్లుడూ బాబూ పక్క పెట్టెలో ఉంటారు. ఎక్కడ దిగాలో ఎక్కేముందే అందరూ అనుకోండి. సామాను ఒక్కోటి 25 కిలోల లోపే ఉండాలి. ప్రతి స్టేషన్‌లో సంచులు మిషన్‌లో పెట్టి తనిఖీ చేస్తారు. ఉదయం 9 నుంచి 11, సాయంత్రం 6 నుంచి 8 మధ్య రాజీవ్ చౌక్‌లో రైలు మారడం పెట్టుకోవద్దు, బాబు చెయ్యి జారిపోతుంది. లిఫ్ట్ అన్ని గేట్లకూ ఉండదు. అది ఏ గేటు దగ్గర పైకి వస్తుందో స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి.

కుతుబ్ మినార్ స్టేషన్ నుంచి మినార్ దాకా నడకకు చాలా దూరం, ఆటో తీసుకోండి. బస్సుల్లో తిరగాలనుకున్న రోజు ఢిల్లీ సిటీ బస్సుల (డీటీసీ) డైలీ పాస్ అడగండి. ఏసీ బస్సులకు 50, మామూలు బస్సులకు 40. ఏసీ టికెట్ ఎక్కువలో ఎక్కువ 25 కాబట్టి మూడో ప్రయాణం నుంచి లాభం.

రోజులు పంచుకునేటప్పుడు ఒకటి చూసుకో. సోమవారం ఎర్రకోట, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్ మూడూ మూసే ఉంటాయి. శుక్రవారం వెళ్లి సోమవారం వచ్చేటట్టయితే శని, ఆదివారాల్లోనే అవి చూసెయ్యండి. సోమవారం ఇండియా గేట్ చూసి, అశోకా రోడ్‌లోని ఆంధ్రా భవన్‌లో భోంచేసి సామాను సర్దుకోండి. మీ అత్తగారికి మూడు రోజుల రొట్టెల తర్వాత పప్పన్నం దొరుకుతుంది.

తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో రాత్రి తొమ్మిది దాటి దిగేటట్టయితే, కర్నూలు బస్సు కోసం ఆరాంఘర్ రోడ్డు పక్కన నిలబడొద్దు. వెళ్లిన కారు డ్రైవర్‌తోనే తిరుగుకు కూడా ముందే మాట్లాడుకోండి. విమాన నంబరు ఇస్తే ఆలస్యమైనా అతనే చూసుకుని వస్తాడు. పగలు దిగితే ఆరాంఘర్‌లో ఎక్కేలా బస్సు టికెట్ తీసుకోండి. విమానం దిగే టైముకూ బస్సు టైముకూ మధ్య కనీసం రెండు గంటలు వదలండి.

టికెట్లు కొనగానే టెర్మినల్, దిగే టైము నాకు పంపు. దిగిన రోజు ఏం చెయ్యాలో చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ