పాయింట్లు కుదిరాయి, కాపురం కుదురుతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి ఇరవై ఏడేళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం. బెంగళూరులో పనిచేసే అబ్బాయి సంబంధం వచ్చింది. జాతకాల్లో 36కి 29 పాయింట్లు కుదిరాయి. కానీ మా బంధువుల్లో రెండు జంటలు రెండేళ్ళు తిరక్కుండానే విడిపోయాయి. మేము పెళ్ళిచూపుల్లో పది నిమిషాలు చూసుకుని ముప్ఫై ఏళ్ళుగా కాపురం చేస్తున్నాం. ఇప్పటి పెళ్ళి నిలబడాలంటే ఏం చూసుకోవాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ముందుగా, పాతకాలం పెళ్ళిళ్ళన్నీ నిలబడ్డాయన్న మాటను కొంచెం సరిచూసుకుందాం. 2011 జనాభా లెక్కల్లో విడాకులు తీసుకున్నవారికంటే, విడాకులు లేకుండానే విడిగా బతుకుతున్నవారు దాదాపు మూడు రెట్లు ఉన్నారు. కోర్టు గడప తొక్కకుండా పుట్టింటికి వచ్చి, అక్కడే ఉండిపోయిన మేనత్తలు, పెద్దమ్మలు మన ఇళ్ళలో కనిపిస్తూనే ఉంటారు. వాళ్ళ కాపురం చెడిందని మాత్రం ఎవరూ లెక్కవేయరు.

పాయింట్లను నేను కాదనను, కానీ అవి జన్మనక్షత్రాన్నీ రాశినీ బట్టి కట్టిన లెక్క. అబ్బాయికి అప్పులున్నాయా, కోపం వస్తే ఎలా మాట్లాడతాడు అన్నది అందులో తేలదు.

పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళలో బీటలు ఎక్కువగా పెళ్ళికి ముందు దాచిన మాటల దగ్గరే మొదలవుతాయని నా అనుభవం. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్న సామెతను మనవాళ్ళు కొంచెం ఎక్కువగానే పాటించారు. ఆమధ్య నా దగ్గరకు వచ్చిన ఒక జంట, భార్య నెలనెలా తండ్రి మందులకు పంపే ఆరు వేల రూపాయల దగ్గర గొడవపడి మూడు నెలలుగా మాటలు మానేశారు. ఆ డబ్బు సంగతి ఆమె నిశ్చయానికి ముందే మధ్యవర్తితో చెప్పింది, కానీ ఆయన "పెళ్ళయ్యాక సర్దుకుంటుందిలే" అని అవతలివాళ్ళకు చేరవేయలేదు. భర్తకు బాధ కలిగించింది ఆరు వేలు కాదు, తన దగ్గర దాచారన్న అనుమానం. ఆ అనుమానాన్ని ఇద్దరి తల్లులూ రోజూ రాత్రి ఫోనులో పెంచి పోషించారు.

ముఖ్య విషయంలో మోసం చేసి పెళ్ళికి ఒప్పిస్తే ఆ పెళ్ళిని రద్దు చేయమని 1955 నాటి హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద కోర్టును అడగవచ్చు. అయితే మోసం బయటపడిన ఏడాదిలోపే అడగాలి, తెలిశాక కూడా ఇష్టపూర్వకంగా కాపురం సాగిస్తే ఆ అవకాశం పోతుంది. అంతదాకా తెచ్చుకోకుండా ముందే అడగడం నయం కదా.

పెళ్ళయ్యాక గొడవలు రాని ఇల్లు ఉండదు. అమెరికాలో జంటల సంభాషణలను ఏళ్ళ తరబడి పరిశీలించిన జాన్ గాట్‌మన్, విడాకులకు దారితీసే లక్షణాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఎదుటి మనిషిని చులకన చేయడమేనని తేల్చారు. "నీకేం తెలుసు", "మీ ఇంట్లో నేర్పింది ఇదేనా" అంటూ పెదవి విరిచే మాటలు మనకు కొత్తవేమీ కావు. అబ్బాయి ఇంటికి వెళ్ళినప్పుడు, తండ్రి తల్లితో ఎలా మాట్లాడుతున్నాడో, తల్లి మాట్లాడుతుంటే కొడుకు ఫోను చూసుకుంటున్నాడో వింటున్నాడో గమనించండి. ఆ పావుగంటలో జాతకం చెప్పనిది చాలా తెలుస్తుంది.

మీ అమ్మాయినీ ఆ అబ్బాయినీ పెద్దలు పక్కన లేకుండా రెండు మూడుసార్లు కలిసి మాట్లాడుకోనివ్వండి. పెళ్ళయ్యాక ఎవరి ఉద్యోగం ఊరు మారాలి, ఎవరి మీద ఎంత ఈఎంఐ ఉంది, పిల్లల గురించి ఏమనుకుంటున్నారు, ఎవరి తల్లిదండ్రులకు ఎంత పంపాలి అన్నవి తేదీ పెట్టుకోకముందే తేలాలి. హైదరాబాద్, బెంగళూరు అన్నారు కనుక మొదటి ప్రశ్నే మీకు అసలైనది. మీ అమ్మాయి జీతంలోంచి మీ ఇంటికి ఏమైనా వస్తున్నట్లయితే, ఆ సంగతి మధ్యవర్తికి వదలకుండా అబ్బాయి తల్లిదండ్రులతో మీరే స్వయంగా చెప్పండి.