చూపు సంగతులు: నాయన కొట్టు మళ్లీ తెరవండి

ఈ నెల నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలే తీసుకున్నాను. ఒకే సంగతి చాలామంది అడిగారు కాబట్టి ఒకరికి రాసిన జవాబు మిగతావాళ్లు కూడా తమకే అనుకోండి. పేర్లు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ, అందుకని ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: అక్కా, మాది కావలి దగ్గర పల్లె. మా నాయనకు 60 దాటాయి. రెండు కళ్లకూ నీటికాసులు (గ్లకోమా) ముదిరిపోయాయి, పోయిన చూపు ఇక రాదన్నారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చిల్లర కొట్టు నడిపిన మనిషి. డబ్బుల దగ్గర మోసపోతాడని అన్నలు కొట్టు మూసేశారు. ఇప్పుడు పొద్దస్తమానం మంచం మీదే ఉంటాడు, ఎవరితోనూ మాట్లాడడు. చూడ్డానికొచ్చిన చుట్టాలు ఏడ్చి పోతున్నారు. చెన్నై తీసుకుపోతే ఏమైనా ఫలితం ఉంటుందా?

జవాబు: చెల్లీ, ముందు చెన్నై సంగతి. ఇంకో డాక్టరుకు ఒకసారి చూపించుకోవడంలో తప్పులేదు, పాత రిపోర్టులన్నీ పట్టుకుని వెళ్లండి. అక్కడా ఇదే మాట చెబితే మాత్రం ఇక తిరగొద్దు, అప్పులు చేయొద్దు. నీటికాసుల్లో దెబ్బతినేది కంటి నుంచి మెదడుకు వెళ్లే నరం. ఆ నరం పోయిన మేరకు చూపు తిరిగి తెప్పించే మందు ఇప్పటిదాకా లేదు. చుక్కల మందైనా, లేజరైనా, ఆపరేషనైనా కంట్లో ఒత్తిడి తగ్గించి మిగిలిన చూపును కాపాడడానికే. ఎలాగూ కనపడటం లేదు కదా, ఈ చుక్కలెందుకని చాలా ఇళ్లలో మానేస్తారు. మీరు మానొద్దు. వెలుతురూ నీడా తెలిసేంత చూపు మిగిలినా తలుపు ఎక్కడుందో, ఎదురుగా మనిషి వచ్చాడో లేదో ఆయనకు తెలుస్తుంది.

ఇంత ముదిరేదాకా కనిపెట్టలేకపోయామే అని మీరంతా కుమిలిపోతూ ఉంటారు. ఎక్కువమందిలో ఈ జబ్బుకు నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. ముందు పక్కచూపు పోతుంది, ఎదురుగా ఉన్నది చాలాకాలం బాగానే కనిపిస్తుంది. పేపరు చదువుతున్న మనిషే కదా, గడప తట్టుకున్నా పక్క నుంచి వచ్చే బండిని చూసుకోకపోయినా పరధ్యానం అనుకుంటాం. అందుకే మీ అన్నలకూ మీకూ ఒక పని చెబుతున్నాను, ఇది ఈ నెలలోనే చేయండి. నీటికాసులు వచ్చినవాళ్ల పిల్లలకూ తోబుట్టువులకూ అది వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. అద్దాల షాపులో నంబరు చూపించుకుంటే ఇది బయటపడదు. కంటి ఆసుపత్రికి వెళ్లి, మా నాయనకు నీటికాసులు ఉన్నాయి, మాకు కంటి ఒత్తిడీ నరమూ రెండూ చూడండి అని అడగండి. మీ మేనత్తలు, చిన్నాయనలు ఉంటే వాళ్లనూ పంపండి.

ఇక కొట్టు సంగతి, నాకు ఎక్కువ బాధ కలిగింది ఇక్కడే. మీ అన్నలు మంచి ఉద్దేశంతోనే చేశారు, కాదనను. కానీ చూపు పోయిన మనిషికి పని కూడా లేకుండా చేస్తే ఆయనకు ఇంకేం మిగులుతుంది చెప్పండి. పొద్దున్నే లేవడానికి ఒక కారణం ఉండాలి కదా. కొట్టు మళ్లీ తెరవండి, మొదట్లో పూటకో రెండు గంటలైనా సరే. ఏ సరుకు ఎక్కడుందో ఆయన చేతులకు ఎప్పటినుంచో తెలుసు, మీరు చేయాల్సిందల్లా ఆ చోటు మార్చకుండా ఉండటం. పప్పులు, చక్కెర లాంటివి రాత్రి పూట మీరే అరకిలో, కిలో పొట్లాలు కట్టి పెట్టండి. ఫోన్‌లో డబ్బు వేసేవాళ్లకు మొత్తాన్ని తెలుగులో పైకి చెప్పే స్పీకరు పెట్టె ఉండనే ఉంది. నోట్ల సంగతికొస్తే, ఇప్పుడు నడుస్తున్న కొత్త 100, 200, 500 నోట్లకు వెడల్పు ఒకటే, పొడవే తేడా: 142, 146, 150 మిల్లీమీటర్లు. నాలుగేసి మిల్లీమీటర్లంటే మనకు ఏమీ అనిపించదు కానీ, ఆ పొడవులకు గాట్లు పెట్టిన అట్టముక్క ఒకటి చేసిస్తే కొన్నాళ్లకు వేళ్లకు అలవాటైపోతుంది. చేతికి తగిలే ఉబ్బు గుర్తు కూడా ఉంటుంది, 100 మీద త్రికోణం, 500 మీద గుండ్రం, కాకపోతే నోటు నలిగితే అది అరిగిపోతుంది. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన ‘మణి’ అనే యాప్‌లో నోటును ఫోన్ కెమెరా ముందు పెడితే ఎంతో పైకి చెబుతుంది. అయినా ఎప్పుడో ఒకసారి ఎవడో పది రూపాయలు ఎగ్గొడతాడు, కళ్లున్న కొట్టువాళ్లకూ అది జరిగేదే, దానికోసం ఆయన్ను మంచానికి పరిమితం చేయకండి.

ఇంట్లోవాళ్లకు మరికొన్ని మాటలు. ఆయన్ను చెయ్యి పట్టి లాక్కుపోవద్దు, మీ మోచేయి ఆయన్ను పట్టుకోమనండి, మీరు అరడుగు ముందు నడవండి, మెట్టు వస్తే ముందే చెప్పండి. గదిలోకి వచ్చినప్పుడు ఎవరొచ్చారో చెప్పండి, వెళ్లిపోయేటప్పుడు కూడా చెప్పండి, లేకపోతే ఖాళీ గదిలో మాట్లాడుకుంటూ ఉండిపోతారు, అది ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆలోచించండి. తలుపు పూర్తిగా తీసైనా ఉంచండి, వేసైనా ఉంచండి, సగం తెరిచిన తలుపుకే నుదురు పగులుతుంది. అన్నం పెట్టి కూర ఎటువైపు ఉందో, మజ్జిగ గ్లాసు ఎక్కడుందో ఒక మాట అంటే చాలు, తినడం ఆయనకు వచ్చు. చుట్టాలు ఎదురుగా కూర్చుని ‘ఏం పాపం చేశాడో’ అనడం, ‘మీ నాయన కాఫీ తాగుతాడా?’ అని మిమ్మల్ని అడగడం వెంటనే ఆపించండి. ఆయన్నే అడగమనండి, పోయింది చూపే కదా. వారాల తరబడి తిండీ నిద్రా సరిగా లేకపోతే, బతకాలని లేదన్నట్టు మాట్లాడితే మాత్రం సిగ్గుపడకుండా మానసిక వైద్యుడికి చూపించండి.

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ పత్రం, తీసుకున్నారో లేదో మీరు రాయలేదు. తీసుకోకపోతే మీ ఊరి సచివాలయంలో స్లాట్ బుక్ చేయించండి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉందని తేలితే నెలకు 6000 రూపాయల పింఛనుకు అర్హత వస్తుంది, 2024 జూలై నుంచి ఇస్తున్న మొత్తం అది. ఆ డబ్బు ఆయన చేతికే ఇవ్వండి.

ప్రశ్న: అక్కా, మాది ఇందుకూరుపేట వైపు. మా ఆయన రొయ్యల గుంటల్లో పనికి పోతాడు. గుంటలో సున్నం చల్లేటప్పుడు గాలికి కంట్లో పడింది. పక్కనున్నవాళ్లు ఆముదం వేశారు. తెల్లారి ఆసుపత్రికి పోతే ఇంత ఆలస్యమా అని తిట్టారు. ఇంకోసారి ఇట్లా అయితే ఏం చేయాలి?

జవాబు: నీళ్లు. పడిన ఆ క్షణంలోనే, మంచి నీళ్లు. గుంట నీళ్లు కాదు, తాగే నీళ్ల క్యాను ఉంటే అది, బోరు ఉంటే బోరు కింద తల పెట్టి రెప్పలు విడదీసి కనీసం అరగంట కడుగుతూనే ఉండాలి. మంటకు రెప్పలు మూసుకుపోతాయి, ఇంకొకరు పట్టుకుని తెరవాలి. రెప్పల కింద సున్నం పలుకులు ఇరుక్కుంటే అవి ఉన్నంతసేపూ కాలుతూనే ఉంటుంది, శుభ్రమైన గుడ్డ అంచుతో తీసేయండి. ముందు కడుగుడు, ఆ తర్వాతే ఆటో ఎక్కి ఆసుపత్రికి, అదీ ఆ రోజే. సున్నం యాసిడ్‌కంటే చెడ్డది, కంటి లోపలికి దిగిపోతూనే ఉంటుంది, ఆముదం, వెన్న, చనుబాలు దాన్ని ఆపలేవు. గుంటల యజమానులు ఎవరైనా ఇది చదువుతుంటే, సున్నం, బ్లీచింగ్ చల్లే మనిషికి పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు కొనివ్వండి, గట్టు మీద ఒక మంచినీళ్ల క్యాను పెట్టించండి. మీ మేత బస్తా ఖరీదు ముందు అదేమంత ఖర్చు కాదు.

ప్రశ్న: మాది కోవూరు. ఎడగారు కోతలప్పుడు మా అత్త కంట్లో వరి కంకి గీసుకుంది. మెడికల్ షాపులో చుక్కలు ఇచ్చారు, రెండు రోజులు తగ్గినట్టే తగ్గి ఇప్పుడు మళ్లీ ఎర్రబడింది, నల్లగుడ్డు మీద తెల్లగా మచ్చ కనపడుతోంది.

జవాబు: అమ్మా, ఈ జవాబు అచ్చయ్యేదాకా ఆగొద్దని మీకు ముందే ఫోన్ చేసి చెప్పాను, మిగతావాళ్ల కోసం మళ్లీ రాస్తున్నాను. కంకి, ఆకు, ఊక తగిలిన కంటికి బూజు పట్టవచ్చు. మెడికల్ షాపుల్లో ఎర్రదనానికని ఇచ్చే చుక్కల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. దాంతో నొప్పి, ఎరుపు తగ్గుతాయి, తగ్గాయి కదా అని మనం పనిలోకి పోతాం, లోపల బూజు ఇంకా పెరుగుతుంది. పుండును కొంచెం గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే గాని అది బూజో బాక్టీరియానో తెలియదు, రెండింటికీ మందులు వేరు. బూజుకైతే గంట గంటకూ చుక్కలు వేస్తూ వారాల పాటు ఓపిక పట్టాలి. ఆలస్యమైతే మానినా పువ్వు, అంటే నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, మిగిలిపోతుంది. నాలుకతో నలుసు తీయించుకోవడం, ఆకు పసరు పోయడం ఇంకా జరుగుతున్నాయని రాసినవాళ్లు ముగ్గురు నలుగురు ఉన్నారు. దయచేసి మానేయండి. కోతల కాలంలో ట్రాక్టరు వెనకాల బండి మీద పోయేవాళ్లు కూడా హెల్మెట్ అద్దం దించుకోండి.

ప్రశ్న: పాటూరులో మగ్గం నేస్తాను, 44 ఏళ్లు. పోగు తెగితే కనపడటం లేదు. అద్దాలు పెట్టుకుంటే నంబరు పెరుగుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: కాదన్నా. ఇది చత్వారం, 40 దాటాక అందరికీ వచ్చేదే, అద్దాలు పెట్టుకున్నా పెట్టుకోకపోయినా 60 దాకా కొంచెం కొంచెం పెరుగుతుంది. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్లు గతంలో ప్రకాశం జిల్లాలో నేతపనివాళ్లనూ, సముద్రం మీద వేటకు పోయేవాళ్లనూ ప్రత్యేకంగా పరీక్షించారు, అద్దాలతో తీరిపోయే ఇబ్బందితోనే పని లాక్కొస్తున్నవాళ్లు చాలామంది తేలారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, బజార్లో దొరికే రెడీమేడ్ అద్దాలు పుస్తకం చదివే దూరానికి సరిపోతాయి. మగ్గం మీద పోగు అంతకంటే దూరంగా ఉంటుంది, ఆ దూరం టేపుతో కొలుచుకుని వెళ్లి పరీక్ష చేసేవాళ్లకు చెప్పండి.

ప్రశ్న: పొదిలి నుంచి. చిన్నప్పుడు బిళ్లంగోడు తగిలి ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది బాగుంది. సదరంలో 30 శాతమే వేశారు. అన్యాయం కాదా?

జవాబు: తమ్ముడూ, డాక్టరు తక్కువ వేయలేదు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే 30 శాతమే. పింఛనుకు, రిజర్వేషన్‌కు 40 కావాలి. ఎక్కువ వేయిస్తామని డబ్బులడిగే దళారుల జోలికి పోవద్దు. మీకున్నది ఒక్క కన్ను కాబట్టి, నంబరు అవసరం లేకపోయినా సరే, పగలని రకం అద్దాలు ఎప్పుడూ పెట్టుకునే ఉండండి.

ప్రశ్న: కనిగిరి దగ్గర హైస్కూల్లో టీచర్ని. ఆరో తరగతి అమ్మాయి పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని చదువుతుంది, చీకటి పడితే అసలు నడవలేదు. మేనరికం వల్లే ఇలా అయిందని ఊళ్లో వాళ్లమ్మను మాటలంటున్నారు. బడి మాన్పిస్తారేమోనని భయంగా ఉంది.

జవాబు: టీచర్ గారూ, మీలాంటివాళ్లు ఒకరు ఉండబట్టే ఆ పిల్ల ఇంకా బడిలో ఉంది. రేచీకటి విటమిన్ ఏ లోపం వల్ల వస్తే మందుతో తగ్గుతుంది, అలా కాక రెటీనా జబ్బు అయితే చాలావాటికి నయం చేసే మందు లేదు. ఏదో తేలాలంటే రెటీనా డాక్టరు చూడాలి, తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉంటే వాళ్లనూ చూపించాలి. దగ్గరి సంబంధాల్లో ఇలాంటి జబ్బుల అవకాశం పెరుగుతుందన్నది నిజమే. అది పెళ్లి కావాల్సినవాళ్లకు చెప్పాల్సిన మాట, బిడ్డను పెంచుకుంటున్న తల్లిని పొడవడానికి కాదు. ఊళ్లో ఎవరైనా అంటే మీరే నోరు మూయించండి.

బడిలో ముందు బెంచీ ఇవ్వండి, కిటికీ వెలుతురు మొహం మీద పడకుండా. బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయండి, అది క్లాసులో అందరికీ పనికొస్తుంది. లావుపాటి గీతలున్న నోటుపుస్తకం, నల్ల స్కెచ్ పెన్ను ఇప్పించండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే మండల భవిత కేంద్రంలో పేరు రాయించండి. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో రాసిపెట్టే మనిషినీ, గంటకు 20 నిమిషాల అదనపు సమయాన్నీ అడిగే హక్కు ఉంది. ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఇప్పటినుంచే నేర్పండి, తెలుగు పాఠం అది చదివి వినిపిస్తుంది. సాయంత్రం క్లాసులు పెడితే చీకటి పడకముందే ఒక తోడునిచ్చి పంపండి. ఆటల పీరియడ్‌లో మాత్రం ఒక మూల కూర్చోబెట్టకండి.

ప్రశ్న: అక్కా, మేం చీమకుర్తి దగ్గర పల్లె కుర్రాళ్లం. ఈసారి ఫ్లెక్సీల డబ్బుతో కంటి శిబిరం పెట్టాలనుకుంటున్నాం. ఎలా చేయాలి?

జవాబు: చాలా సంతోషం తమ్ముళ్లూ. శిబిరంలో పరీక్షలు మాత్రమే, ఆపరేషన్ ఎప్పుడైనా ఆసుపత్రిలోనే జరగాలి, ఇది గట్టిగా పట్టుబట్టండి. పరీక్షకు నడిచి రాగలిగినవాళ్లు ఎలాగోలా వస్తారు. ఇంట్లోంచి కదలనివాళ్ల కోసం మీరు ఇల్లిల్లూ తిరగాలి. ముదిరాకే శుక్లం తీయించుకోవాలని, ఎండాకాలం వద్దని పెద్దవాళ్లు అంటారు, రెండూ ఇప్పటి ఆపరేషన్‌కు వర్తించవు. వాళ్లు ఆగేది అసలు వేరే కారణానికి, తోడు వచ్చేవాళ్లు ఉండరు, కూలి పోతుంది. కాబట్టి ఆటో మాట్లాడండి, ఒక్కో పెద్దమనిషికి మీలో ఒకరు తోడు వెళ్లండి, ఆపరేషన్ తర్వాత నెల పైచిలుకు చుక్కలు వేయాలి, ఒంటరిగా ఉండే అవ్వలకు అవి వేసే బాధ్యత వీధికొకరు తీసుకోండి. రెండో కన్ను సంగతి కూడా మర్చిపోవద్దు. షుగరు ఉన్నవాళ్లను కళ్లు బాగానే కనపడుతున్నా ఏడాదికోసారి రెటీనా పరీక్షకు పంపండి. క్వారీలో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్లను అద్దాలు పెట్టుకుంటున్నారా అని అడగండి.

జాబితా రాసేటప్పుడు చూపు తిరిగిరానివాళ్ల పేర్లు కూడా రాసుకోండి, శిబిరంవాళ్లు ఎలాగూ వాళ్లను ‘ఏం చేయలేం’ అని పంపేస్తారు. వాళ్ల ఇంటి నుంచి రామాలయం దాకా, రేషను షాపు దాకా దారిలో మూత లేని కాలవలు, రోడ్డు మీదికి పెట్టిన గ్రానైట్ ముక్కలు ఎన్నున్నాయో చూడండి, ఫ్లెక్సీ డబ్బు మిగిలితే ముందు అవి సరిచేయండి. జాబితా అయ్యాక నాకు పంపండి, ఎవరిని ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలో కలిసి చూద్దాం.